భీమవరంలో పుట్టినవాడు, మిలాన్‌లో గెలిచిన మందు

రొమ్ము క్యాన్సర్ వైద్యం కథను అందరూ బాల్టిమోర్‌లో సర్జన్ హాల్‌స్టెడ్ కత్తితో మొదలుపెడతారు. గోదావరి జిల్లాల వాళ్లం భీమవరంతో మొదలుపెట్టినా తప్పేం లేదు. అయితే ముందు ఆ కత్తి సంగతి చెప్పుకోవాలి.

1880ల నుంచి హాల్‌స్టెడ్ గడ్డతోపాటు రొమ్మంతా, దాని కింది ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు కలిపి తీసేసేవాడు. జబ్బు చుట్టూ పాకుతూ పోతుంది కాబట్టి ఎంత ఎక్కువ కోస్తే అంత మేలని ఆయన లెక్క. ఆ లెక్క దాదాపు ఎనభై ఏళ్లు చెల్లింది. చెయ్యి వాచిపోయి, భుజం పైకి లేవక ఎందరో అవస్థపడ్డారు. అంతా భరించినా, కొన్నేళ్లకు కొందరికి ఎముకల్లోనో ఊపిరితిత్తుల్లోనో తిరగబెట్టేది. ఆపరేషన్ నాటికే కణాలు కత్తి అందని చోటికి చేరిపోయి ఉండేవి. వాటిని వెతికి పట్టాలంటే రక్తంలో కలిసే మందు కావాలి.

అలాంటి మందుకు దారి వేసిన యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదువు సరిగా సాగలేదు, మద్రాసులో డాక్టరయ్యారు. సోదరులిద్దరు స్ప్రూ అనే పేగు వ్యాధితో పోయారు. అనపర్తి మామగారి డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి భరోసాతో 1923లో బోస్టన్ చేరారు. తర్వాత లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. కణం రెండుగా చీలాలంటే ఈ విటమిన్ ఉండాలి. దాని పోలికతో ఉండి దాని పనికి అడ్డుపడే పదార్థాన్నిస్తే, ఎడతెగక చీలే క్యాన్సర్ కణం ఆగిపోవాలి కదా! అలా పుట్టినవే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్. మొదటిదాన్ని డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకిచ్చి, ఫలితాలను 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు.

1951లో న్యూయార్క్‌లో జేన్ రైట్ బృందం మెథోట్రెక్సేట్‌తో రొమ్ము క్యాన్సర్ గడ్డలూ తగ్గుతాయని చూపింది. అసలు మలుపు మాత్రం 1976లో వచ్చింది. మిలాన్‌లో డాక్టర్ బొనడొన్నా, చంక గ్రంథులకు జబ్బు పాకిన 386 మందిని తీసుకున్నాడు. ఆపరేషన్ అయ్యాక 207 మందికి మెథోట్రెక్సేట్‌తో సహా మూడు మందులు కలిపి ఇచ్చాడు. 27 నెలలకు మందులు వాడనివారిలో 24 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, వాడినవారిలో 5.3 శాతం మందికే. మరోపక్క అమెరికాలో ఫిషర్, ఇటలీలో వెరొనేసి అనే సర్జన్లు గడ్డవరకే తీసి కరెంటు (రేడియేషన్) పెట్టినా ఆయుష్షు తగ్గదని తేల్చారు. హాల్‌స్టెడ్ లెక్కకు అక్కడితో కాలం చెల్లింది.

ఒక్కో రకం గడ్డకే పనిచేసే టామొక్సిఫెన్ మాత్ర, 1998లో ట్రాస్టుజుమాబ్ వచ్చాక, మందు మొదలుపెట్టే ముందే గడ్డ ఏ రకమో తేల్చడం తప్పనిసరైంది. ఇప్పుడు ఈ జబ్బుకు మెథోట్రెక్సేట్ వాడకం బాగా తగ్గింది. డెల్టా అభిమానానికి అది కాస్త చిన్నతనమే గాని, వైద్యం పెరగడమంటే అదే.

ఒకప్పుడు మన జిల్లాల వాళ్లు మద్రాసు అడయారుకో, హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో పరుగెత్తేవారు. ఇప్పుడు కీమో, కరెంటు రాజమండ్రిలోనే ఉన్నాయి, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఖర్చుకు ఆసరా అయింది. ఇంత దగ్గరికొచ్చినా గడ్డను నెలల తరబడి దాచుకోవడం పోలేదు. నొప్పి లేదు కదా అనుకుంటారు. మొదట్లో చాలా గడ్డలు నొప్పి పెట్టవు. సూది గుచ్చితే పాకుతుందని భయపడతారు. ఆ సూది పరీక్ష లేకుండా రకమే తెలియదు. ఇంట్లో ఎవరికీ లేదు కదా అంటారు. ఈ జబ్బు వచ్చినవారిలో ఎక్కువమందికి కుటుంబ చరిత్ర ఉండదు.

ముంబైలో టాటా క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులు ఇరవై ఏళ్లు సాగించిన పరిశీలన 2021లో వెలువడింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షిస్తేనే 50 దాటినవారిలో ఈ జబ్బు మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. ఇదే పరీక్షను 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకోసారి చేయాలని 2016 నుంచి ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉంది. మీ పీహెచ్‌సీలో ఏఎన్‌ఎమ్మును అడిగి చేయించుకోండి, అమ్మనూ అత్తనూ వెంట తీసుకెళ్లండి.