కృష్ణా డెల్టాలో అన్నం, కల్లం, రైతు సంఘం

కృష్ణా డెల్టా అనగానే మనకు వరి అన్నం గుర్తుకొస్తుంది. ఇక్కడి సామాన్య కుటుంబాలకు అది రోజువారీ తిండి కావడం మాత్రం మరీ పాత సంగతి కాదు. కాలువలు రాకముందు చాలా ఇళ్లలో జొన్నన్నం, అంబలి ఉండేవి; వరి అన్నం పండుగలకే. 1832-33 నాటి నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టింది. బెజవాడ వద్ద 1852లో మొదలైన ఆనకట్ట 1855లో పూర్తయింది. విద్యార్థులు పరీక్షల్లో తరచు ఇక్కడే పొరబడతారు. కాటన్ కట్టించింది గోదావరి ఆనకట్ట. కృష్ణ మీద పని నడిపిన ఇంజనీరు కెప్టెన్ చార్లెస్ ఓర్.

నీటి వెంట శిస్తు కూడా పెరిగింది. వరి అమ్ముడు పంట అయింది, శిస్తును నగదుగా కట్టాలి. కనుక ధాన్యం ధర పడితే రైతు అప్పులపాలయ్యేవాడు. 1920ల చివర రీసెటిల్‌మెంటు పేరుతో కృష్ణా, గోదావరి డెల్టాల్లో శిస్తును రూపాయికి మూడణాలు, అంటే 18.75 శాతం, పెంచబూనడంతో ఆందోళన లేచింది. ఆంధ్ర రాష్ట్ర రైతు సంఘం 1928లో ఏర్పడింది. దాని వెనుక ముఖ్యుడు నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా. ఆర్థిక మాంద్యం వచ్చి ధరలు కూలాక సంఘం ఊరూరా పాకింది. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు కాలినడకన యాత్ర చేసి అర్జీలు సేకరించారు.

రంగా ఇంగ్లండులో చదువుతున్న కాలంలోనే, 1921లో, డెవన్‌లోని హెమియాక్ గ్రామంలో ఒక పాల కంపెనీ పిల్లలకు దూడలిచ్చి పెంపకం నేర్పింది. ఆ దేశపు యువ రైతు క్లబ్బులకు అదే మొదలు. పోటీలు, ఆటలు, విందులు వాటి వ్యాపకం. మన సంఘాలకు అంత తీరిక లేదు. అవి శిస్తు కోసం పుట్టాయి.

పోలిక చూడవలసింది సంఘాల్లో కాదు, కోతల దగ్గర. ఇంగ్లండులో కోత ముగిశాక ఆసామి కూలీలకు మాంసం, బీరుతో విందు పెట్టేవాడు. మన కల్లంలో విందు లేదు, మేరలున్నాయి. కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి ధాన్యం ఇంటికి పోకముందే వారి వాటా కొలిచి ఇచ్చేవారు. పొలంలో రాలిన వెన్నులు ఏరుకునే పరిగె ఆడవాళ్లది, పిల్లలది. ఇంగ్లండులోనూ ఈ ఆచారం ఉండేది. అయితే 1788లో అక్కడి న్యాయస్థానం పరిగె ఏరుకోవడం పేదల హక్కు కాదని తేల్చింది.

మన రైతు సంఘం నినాదాలు శిస్తు, అప్పు, ధర చుట్టూ తిరిగాయి. కోత కూలి ఎన్ని కుంచాలన్నది పట్టాదారు సభలో లేవనెత్తవలసిన ప్రశ్న కాలేదు. వ్యవసాయ కూలీల సంఘాలు 1930లలో విడిగా ఏర్పడటానికి ఇది ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం. నా చిన్నతనంలో కూడా ఆసామి ఇంట కొత్త బియ్యం ఉడుకుతుంటే, అవి పండించిన పాలేరు గట్టు మీద కూర్చుని తరవాణిలో ఉల్లిపాయ నంజుకు తినేవాడు.