7×57 మౌజర్ తూటా

7×57 మౌజర్ జర్మనీకి చెందిన పాల్ మౌజర్ రూపొందించిన రైఫిల్ తూటా. స్పెయిన్ సైన్యం 1893లో దీన్ని స్వీకరించింది. పేరులోని 7 తుపాకీ గొట్టం లోపలి వ్యాసాన్ని, 57 తూటా గుల్ల పొడవును మిల్లీమీటర్లలో తెలుపుతాయి. లండన్‌లోని జాన్ రిగ్బీ సంస్థ దీన్నే .275 రిగ్బీ పేరుతో వేటగాళ్లకు అందించింది.

పెద్ద జంతువుల వేట: స్కాట్లాండ్ వేటగాడు డబ్ల్యు.డి.ఎం. బెల్ (1880–1954) ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు. వాటిలో ఎక్కువ భాగం ఈ తూటాకే కూలాయి. అతడు ఏనుగు పుర్రెను రంపంతో కోయించి, మెదడు ఉండే చోటును, ఏ వైపు నుంచి కాలిస్తే గుండు దాన్ని చేరుతుందో పరిశీలించాడు. 173 గ్రెయిన్‌ల (సుమారు 11.2 గ్రాములు) పొడవాటి గుండుకు గట్టి లోహపు తొడుగు ఉండటంతో అది చితికిపోకుండా ఎముకను చీల్చుకుని సూటిగా పోయేది. తుపాకీ వెనక్కి తన్నడం తక్కువ కావడంతో గురి చెదిరేది కాదు.

భారతదేశంలో: 1907లో చంపావత్ ప్రాంతపు నరభక్షక ఆడపులిని చంపిన వేటగాడు జిమ్ కార్బెట్‌కు యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జాన్ హ్యూవెట్ .275 రిగ్బీ రైఫిల్‌ను బహూకరించాడు.

పరిమితులు: గురి కొద్దిగా తప్పినా చిన్న గుండు జంతువును చంపదు, గాయపరుస్తుంది. గాయపడిన జంతువు నరకయాతన పడుతుంది, మనుషులకూ ప్రమాదకరమవుతుంది. అందుకే బెల్ పద్ధతి సాధారణ వేటగాళ్లకు తగదు. ఏనుగు, అడవిదున్న వంటి వాటి వేటకు పలు ఆఫ్రికా దేశాలు .375 అంగుళాల గుండు వ్యాసాన్ని కనీస కొలతగా పాటిస్తున్నాయి. భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఏనుగు, పులి వేట శిక్షార్హమైన నేరం.