బసంత్‌నగర్ నుంచి ఆదిలాబాద్‌కి విమానంలో ఎంతసేపు?

ఈరోజు ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. పాత కరీంనగర్ జిల్లాలో, రామగుండం దగ్గర బసంత్‌నగర్‌లో ఒక రన్‌వే ఉంది. గోదావరి అవతల ఆదిలాబాద్‌లో ఇంకో పాత విమానాల మైదానం ఉంది. ఈ రెంటికీ మధ్య గాలిలో దూరం ఎంత?

మ్యాప్ చూడండి. బసంత్‌నగర్ నుంచి ఆదిలాబాద్ ఉత్తరానికి సుమారు 106 కిలోమీటర్లు, పడమరకి 90. బళ్లో నేర్చుకున్న లంబకోణ త్రిభుజం లెక్క వేస్తే నేరుగా 140 కిలోమీటర్లు వస్తుంది. గంటకి 400 కిలోమీటర్లు పోయే చిన్న విమానానికి ఇది 21 నిమిషాలు. ఎక్కడం, దిగడం కలుపుకుంటే అరగంట.

అదే రోడ్డు మీద? మంచిర్యాల, లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు మీదుగా కవ్వాల్ అడవి దాటుకుంటూ పోవాలి. నాలుగు గంటలు పడుతుంది. రైలు సంగతి ఇంకా విచిత్రం. రామగుండం ఉన్నది కాజీపేట–బల్లార్షా లైను మీద. ఆదిలాబాద్‌కి పట్టాలు మహారాష్ట్రలోని ముద్‌ఖేడ్ వైపు నుంచి వస్తాయి. పక్కపక్క జిల్లాలే, కానీ నేరుగా రైలు లేదు.

మరి అరగంట దారి ఎందుకు తెరుచుకోలేదు? జవాబు చరిత్రలోనే ఉంది. ఆదిలాబాద్ మైదానం నిజాం కాలం నాటిది, ఆ భూమి తర్వాత వాయుసేన చేతిలో ఉండిపోయింది. బసంత్‌నగర్ రన్‌వే కేశోరాం సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లది. అంటే ఒకటి సర్కారు అవసరం, ఇంకోటి కంపెనీ అవసరం. ఇరుగుపొరుగు జనాన్ని కలపాలని ఏదీ కట్టలేదు. 1981లో చిన్న ఊళ్ల కోసమే వాయుదూత్ సంస్థ పుట్టింది. దాని విమానాలు రామగుండం కూడా వచ్చాయి. కానీ అవి పట్టింది హైదరాబాద్ దారే. 1990లు వచ్చేసరికి ఆ సంస్థే మూతబడి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఇప్పుడు మళ్లీ ఆశ పుట్టింది. తెలంగాణ ప్రభుత్వం ఆరు చోట్ల విమానాశ్రయాలు అడిగితే, అందులో ఈ రెండూ ఉన్నాయి. 2025లో ఆదిలాబాద్‌లో పౌర విమానాలకు వాయుసేన ఒప్పుకుంది. సంతోషమే. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకుందాం. రేపు విమానం వచ్చినా అది హైదరాబాద్‌కే పోతే, ఆదిలాబాద్ మనిషికి మంచిర్యాల ఇప్పుడున్నంత దూరంలోనే ఉంటుంది. ఉట్నూరులో రాత్రిపూట కాన్పు కష్టమైతే ఆ ఇంటివాళ్లకి కావలసింది రన్‌వే కాదు, మంచి రోడ్డు, దగ్గర్లో డాక్టరు.

దూరాన్ని కొలిచేది కిలోమీటర్లే కాదండీ. దారి ఎవరి కోసం వేశారన్నది కూడా చూడాలి. మీ ఊరి పాత రన్‌వే గురించి పెద్దవాళ్లు చెప్పిన సంగతులు ఉంటే రాసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.