ఏడో అంతస్తులో షెడ్డు

సింగపూర్‌లో మా కారు ముందు చక్రం కీచుమంటోందంటే ఆఫీసులో ఒకాయన మెకానిక్ అడ్రసు రాసిచ్చాడు. కాకీ బుకిత్, ఫలానా బ్లాకు, ఏడో అంతస్తు. అది మెకానిక్ ఇల్లేమో, కారు వేరే ఎక్కడో పెట్టించుకుంటాడేమో అనుకున్నాను. తీరా వెళితే బిల్డింగు చుట్టూ మెలికలు తిరుగుతూ ఒక ర్యాంపు ఉంది. నా ముందు ఒక లారీ దాని మీద నింపాదిగా పైకి పోతోంది. పైన వరసగా షెడ్లు. ఒకదాంట్లో డెంటింగు, పక్కదాంట్లో టైర్లు, ఆ పక్కన ఏసీ గ్యాసు. మలయ్ భాషలో కాకీ బుకిత్ అంటే కొండ పాదం. కొండ పాదం దగ్గర ఉన్న మెకానిక్ కోసం ఏడంతస్తులు ఎక్కాను.

నేను పుట్టి పెరిగింది బెజవాడ పటమటలో. ఆటోనగర్‌లో మా మామయ్యకి లేత్ షెడ్డు ఉండేది. షెడ్డంటే నాకు ముందు నేల గుర్తొస్తుంది. నూనె ఇంకి ఇంకి నల్లబడ్డ మట్టి, చెప్పులకంటుకునే ఇనప రజను, వేపచెట్టు కింద నులకమంచం. నేలే లేని షెడ్డు చూడటం ఇదే మొదటిసారి. మనవాళ్లు ఊళ్లో ఉన్న రిపేరు షెడ్లని 1960ల్లో ఊరవతల ఆటోనగర్‌కి పంపించారు. ఊరు ఊరుకుందా? వాటి వెనకే నడిచివెళ్లి, చుట్టూ ఇళ్లు కట్టుకుని, ఇప్పుడు చప్పుడు భరించలేకపోతున్నామంటోంది. సింగపూర్‌కి ఆ సౌకర్యం లేదు. పాత కృష్ణా జిల్లాలో పదోవంతు కూడా లేని దేశం ఇది. ఊరవతలంటే సముద్రమే.

సింగపూర్‌కి స్వతంత్రం రాకముందు సంగతి. కుర్రకారుకి పనుల్లేవు. 1960లో ఐక్యరాజ్యసమితి బృందాన్ని వెంటబెట్టుకుని విన్సెమియస్ అనే డచ్ ఆర్థికవేత్త వచ్చి, ఫ్యాక్టరీలు తప్ప మీకు దారి లేదన్నాడు. ఆర్థికమంత్రి గో కెంగ్ స్వీ పడమటి కొసన జురాంగ్ అనే చిత్తడినేలని చదును చేయించడం మొదలుపెట్టాడు. జనం దానికి ‘గో గారి పిచ్చి’ అని పేరు పెట్టారు. మన అమరావతికి ప్లాను గీసిన సుర్బానా జురాంగ్ పేరు పేపర్లలో చదివే ఉంటారు. ఆ పేరులో ఉన్నది ఈ బురదనేలే.

ఆ గో గారి గురించి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. ప్రపంచబ్యాంకు సమావేశానికని రియో వెళ్లి, అక్కడ పక్షులు స్వేచ్ఛగా ఎగిరే పెద్ద పంజరం చూసి మనసు పడ్డాడు. ఫ్యాక్టరీల ఊళ్లో జనం కాపురముండాలంటే ఆదివారం పిల్లల్ని ఎక్కడికో తీసుకెళ్లాలిగా! 1971లో జురాంగ్‌లో పక్షుల పార్కు తెరిచారు. మా పిల్లలు చిలకలకి గింజలు పెట్టింది అక్కడే. 2023లో దాన్ని మూసేసి పక్షుల్ని మండాయికి తరలించారు. ఈ దేశంలో పక్షులకైనా స్థలం శాశ్వతం కాదు.

జురాంగ్ కథ అందరూ చెప్పేదే. నాకు ముచ్చటేసింది రెండో ఆలోచన. చంటిపిల్లల తల్లులు అంతదూరం పనికి పోలేరు కదా. అందుకని పొగా కంపూ లేని పనుల్ని ప్రభుత్వ ఫ్లాట్ల పక్కకే తెచ్చారు. తాంగ్లిన్ హాల్ట్‌లో సెట్రాన్ టీవీలు బిగించేవారు, టొవా పాయోలో ఫిలిప్స్ ఫ్యాక్టరీ. చిన్న చిన్న కంపెనీలకి అంతస్తుల ఫ్యాక్టరీలు కట్టి, గదులు అద్దెకిచ్చినట్టు ఇచ్చారు.

ఇప్పుడు ప్లాను మ్యాపులో పరిశ్రమల స్థలమంతా ఊదా రంగు. అందులో లేత ఊదా అంటే బీ-1, తేలిక పరిశ్రమ. దాని చప్పుడు, వాసన 50 మీటర్లు దాటకూడదు. దాటేవి బీ-2 కి పోవాలి. కట్టిన జాగాలో 60 శాతమైనా అసలు పనికే వాడాలి. ఆఫీసు, షోరూము, క్యాంటీను అన్నీ మిగతా 40 లో సర్దుకోవాల్సిందే. మా మామయ్య షెడ్డులో సుత్తి దెబ్బ పడితే పటమటలో మా అమ్మమ్మకి వినిపించేది. ఈ లెక్కన ఆయన్ని ఎక్కడికి పంపేవారో!

“ఇది మాకు నాలుగో షెడ్డు,” అన్నాడు మెకానిక్ అంకుల్, చక్రం విప్పుతూ. వాళ్ల నాన్న రోడ్డువారన రేకులేసుకుని మొదలుపెట్టాట్ట. 1966లో భూసేకరణ చట్టం వచ్చింది. గ్రామాలు, కోళ్లఫారాలు, రోడ్డువారన షెడ్లు, అన్నీ లేచిపోయాయి. ఇప్పుడు పరిశ్రమకిచ్చే ప్రభుత్వ స్థలం లీజు చాలావరకు 30 ఏళ్లు, అంతకన్నా తక్కువ కూడా. ఇళ్లకి మాత్రం 99. ఊరు ఇంత శుభ్రంగా ఉందని మెచ్చుకునేటప్పుడల్లా ఇకమీద నాకు ఆ నాలుగో షెడ్డు గుర్తొస్తుంది.

కారయ్యేదాకా కింద క్యాంటీన్లో తే తారిక్ తాగుతూ కూర్చున్నాను. అంటే మన టీకొట్టులో ఎత్తి పోసే టీయే. పక్క బల్ల దగ్గర ఒక కుర్రాడు ఫోన్లో తెలుగు మాట్లాడుతున్నాడు.

“ఏ ఊరు బాబూ?”

“టెక్కలి దగ్గర, సార్. షిప్‌యార్డులో వెల్డింగ్.”

ఇంకేదో అడగబోయేలోపు కంపెనీ లారీ వచ్చింది. వెనక తొట్టిలో పాతికమంది కూర్చున్నారు. ఇతనూ ఎక్కాడు. వాళ్లు పడుకునే డార్మిటరీ కూడా ఊదా రంగు స్థలంలోనే ఉంది.