వోల్టేజీ మాట వినే వెలుగు: ఫెర్రోఎలక్ట్రిక్ స్ఫటికాల చరిత్ర

కొన్ని స్ఫటికాలకు వోల్టేజీ ఇస్తే వాటి వక్రీభవన గుణకం మారుతుంది. దీన్నే ఎలక్ట్రో-ఆప్టిక్ ప్రభావం అంటారు. ఫెర్రోఎలక్ట్రిక్ స్ఫటికాల్లో ఇది ఎక్కువ బలంగా ఉంటుంది. ప్రభావం ముందు కనిపించింది, కారణం చాలా ఏళ్ల తర్వాత గానీ తేలలేదు.

1875లో స్కాట్లండ్ శాస్త్రవేత్త జాన్ కెర్, విద్యుత్ క్షేత్రంలో ఉంచిన గాజులో ద్వివక్రీభవనం, అంటే కాంతి కంపించే దిశను బట్టి వక్రీభవన గుణకం వేరుగా ఉండటం, పుట్టడం గమనించాడు. ఆ మార్పు క్షేత్రం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. 1883లో రాంట్‌జెన్, కుంట్ వేర్వేరుగా క్వార్ట్జ్‌ను పరీక్షించగా, అందులో మార్పు నేరుగా క్షేత్రానికే అనుపాతంలో కనిపించింది. అయితే క్వార్ట్జ్ పీడన విద్యుత్ స్ఫటికం, క్షేత్రంలో దాని ఆకారమూ కాస్త మారుతుంది. మరి వెలుగును మార్చింది క్షేత్రమా, ఆ వికృతా? వికృతి వాటా తీసేసినా ప్రభావం మిగులుతుందని 1890లలో గోటింగెన్‌లో ఫ్రీడ్రిష్ పోకెల్స్ నిరూపించాడు. అందుకే ఈ అనులోమ ప్రభావానికి ఆయన పేరు వచ్చింది.

పోకెల్స్ పరీక్షించిన స్ఫటికాల్లో రోషెల్ సాల్ట్ ఒకటి. ఫ్రాన్స్‌లోని లా రోషెల్‌లో 17వ శతాబ్దంలో సెన్యెట్ కుటుంబం తయారుచేసిన విరేచనకారి మందు అది. 1920లో అమెరికాలో జోసెఫ్ వాలసెక్ దానిలో హిస్టెరిసిస్ కనుగొన్నాడు. క్షేత్రం తీసేసినా విద్యుత్ ధ్రువణం మిగిలి ఉంటుంది, ఎదురు క్షేత్రం ఇస్తే తిరగబడుతుంది. ఈ గుణమే ఫెర్రోఎలక్ట్రిసిటీ, అది అలా వెలుగు చూసింది. అంటే పోకెల్స్ తన చేతిలో ఉన్నది ఫెర్రోఎలక్ట్రిక్ అని తెలియకుండానే దాన్ని కొలిచాడు.

1935లో జ్యూరిక్‌లో బుష్, షెరర్ పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్‌ను, అంటే కేడీపీని, ఫెర్రోఎలక్ట్రిక్‌గా గుర్తించారు. దాని క్యూరీ ఉష్ణోగ్రత, అంటే చల్లబడుతూ ఫెర్రోఎలక్ట్రిక్‌గా మారే ఉష్ణోగ్రత, సుమారు మైనస్ 150 డిగ్రీల సెల్సియస్. 1940లలో త్స్విక్కర్, షెరర్ చేసిన కొలతల్లో స్ఫటికం చల్లబడుతూ ఆ ఉష్ణోగ్రతకు దగ్గరయ్యేకొద్దీ ఎలక్ట్రో-ఆప్టిక్ ప్రభావం విపరీతంగా పెరిగింది. క్షేత్రానికి స్ఫటికం ఎంతగా ధ్రువణం చెందుతుందో చెప్పే డైఎలక్ట్రిక్ స్థిరాంకమూ దాంతోపాటే పెరిగింది. వక్రీభవనాన్ని శాసించేది బయటి క్షేత్రం కంటే, అది స్ఫటికంలో పుట్టించే ధ్రువణమేనని దీన్నిబట్టి తెలిసింది.

అసలు కారణాన్ని బేరియం టైటనేట్ వంటి ఆక్సైడ్లు చూపించాయి. సుమారు 120 డిగ్రీలకు పైన బేరియం టైటనేట్ నిర్మాణం కేంద్రం చుట్టూ సౌష్ఠవంగా ఉంటుంది కాబట్టి వర్గ ప్రభావం మాత్రమే సాధ్యం. అంతకంటే చల్లబడితే టైటానియం అయాన్ కేంద్రం నుంచి పక్కకు జరిగి శాశ్వత ధ్రువణం ఏర్పడుతుంది. 1960ల చివర్లో బెల్ ల్యాబ్స్‌లో డిడొమెనికో, వెంపుల్ దీన్నే ఆధారం చేసుకున్నారు. శాశ్వత ధ్రువణానికి బయటి క్షేత్రం తెచ్చిన చిన్న ధ్రువణాన్ని కలిపి వర్గం చేస్తే, ఆ రెండింటి లబ్ధానికి రెట్టింపు విలువ గల పదం ఒకటి వస్తుంది. అది క్షేత్రానికి అనుపాతంలో ఉంటుంది. కనుక ఈ ఆక్సైడ్లలో పోకెల్స్ ప్రభావమంటే శాశ్వత ధ్రువణం ఊతమిచ్చిన వర్గ ప్రభావమే.

లిథియం నియోబేట్ ఫెర్రోఎలక్ట్రిక్ అని 1949లో మథియాస్, రెమైకా చూపారు. 1965లో బాల్మన్ కరిగిన పదార్థం నుంచి దాని పెద్ద స్ఫటికాలను లాగి పెంచే పద్ధతిని ప్రకటించాడు. 5 మైక్రోమీటర్ల ఎడంలో 5 వోల్టులు ఇస్తే దీని వక్రీభవన గుణకం సుమారు 0.00016 మారుతుంది. అంత చిన్న మార్పే అయినా, ఒక సెంటీమీటరు దారిలో 1.55 మైక్రోమీటర్ల కాంతిని దాదాపు ఒక పూర్తి తరంగదైర్ఘ్యం మేర జరపగలదు. ఆప్టికల్ ఫైబర్ సమాచార వ్యవస్థల్లో కాంతిపై సంకేతాలు ఎక్కించే మాడ్యులేటర్లకు నేటికీ ఇది ప్రధాన పదార్థాల్లో ఒకటి.