జింక వేటకు తొలి పాఠాలు – ధర్మశాస్త్రం, దర్బారు, ఉత్తర సర్కారుల అడవి

మన తెలుగులో "షికారు" అనే మాటకు నేడు మిగిలిన అర్థం సాయంకాలం సరదాగా తిరిగి రావడం. పారశీకంలో ఆ మాటకు అర్థం వేట. గోల్కొండ, మొగలు, ఆసఫ్‌జాహీ పాలనల వెంట పారశీక పదజాలం తెలుగు నాట అడుగుపెట్టింది. అందులో ఈ మాట ఆయుధాన్ని వదలివేసి నడకను మాత్రమే నిలుపుకొన్నది. ఒక పదం తనంతట తాను వేటను మానుకొన్న ఈ వింత చరిత్రకు, ఆ వేటకు లక్ష్యమైన జింక చరిత్రకు దగ్గరి సంబంధం ఉన్నది. వేట నేర్చుకొనేవానికి మొదట ఏమి నేర్పేవారు, ఆ నేర్పులో ధర్మశాస్త్రం పాలు ఎంత, రాజదర్బారుల పాలు ఎంత, అనకాపల్లి చుట్టుపక్కల మైదానాలలో, మన్యంలో అది ఏ రూపం దాల్చింది అనే విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ముందుగా ధర్మశాస్త్రం. హదీసు గ్రంథాలలోను, ఫిఖ్‌హ్ గ్రంథాలలోను వేటకు ప్రత్యేక ప్రకరణం ఉన్నది. వేటను ప్రోత్సహించడం దాని ఉద్దేశం కాదు. ఎడారి జీవికి వేట ఆహార సంపాదన మార్గం గనుక, ఆ మార్గానికి గట్లు కట్టడమే దాని ఉద్దేశం. దీనికి మూలాధారం దివ్య ఖుర్‌ఆన్‌లోని "అల్ మాయిద" సూరా. శిక్షణ పొందిన వేటజంతువులు యజమాని కొరకు పట్టి తెచ్చిన దానిని తినవచ్చుననీ, వాటిని వదిలేటప్పుడు అల్లాహ్ నామం స్మరించవలెననీ అందులోని 4వ ఆయతు ఆదేశిస్తున్నది.

హాతిం తాయీ పేరు ఎరుగని ముస్లిం కుటుంబం తెలుగు నాట అరుదు. ఆ దాత కుమారుడైన హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి) స్వయంగా వేటగాడు. ఆయన దైవప్రవక్త (సఅసం)ను అడిగిన ప్రశ్నలు, పొందిన సమాధానాలు బుఖారీ, ముస్లిం సంకలనాలలో ఉన్నవి. కొత్తగా వేట నేర్చుకొనేవానికి అవే తొలి పాఠాలు. వాటి సారాంశం ఇది: అల్లాహ్ పేరు చెప్పి శిక్షిత శునకాన్ని వదిలితే అది పట్టినది తినవచ్చును. ఆ శునకమే దానిని కొంత తిన్నదంటే అది తన కొరకు పట్టినదని అర్థం, అప్పుడు తినరాదు. నీ శునకంతో పాటు మరొక శునకం కనబడితే ఏది చంపినదో తెలియదు గనుక విడిచిపెట్టవలెను. బాణం మొన గుచ్చుకొని చస్తే ధర్మ్యం, దాని అడ్డు తగిలి దెబ్బకు చస్తే అధర్మ్యం. బాణం తగిలిన జంతువు నీటిలో పడి కనబడితే మునిగి చచ్చినదేమో అనే సందేహానికి తావున్నది, కనుక దానిని కూడా వదలవలెను.

ఈ ఐదు నియమాలలో ఎక్కడా గురి చూడడం ఎట్లా, మాటు వేయడం ఎట్లా అన్న ప్రసక్తి లేదు. వేటగాని మొదటి విద్య సందేహం కలిగిన చోట చేయి వెనుకకు తీసుకోవడమే. తరువాతి హనఫీ ఆచార్యులు దీనిని మరింత విశదం చేశారు. ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్‌ల అభిప్రాయంలో శునకం గాని, చీతా గాని వరుసగా మూడుసార్లు వేటను పట్టి తినకుండా విడిచిపెట్టినప్పుడే శిక్షితమైనట్లు లెక్క. డేగకైతే పిలిచినప్పుడు తిరిగి రావడమే శిక్షణకు గుర్తు.

వేటకు హద్దులు స్థలాన్ని బట్టి కూడా ఉన్నవి. హజ్ యాత్రికుడు ఇహ్రాం ధరించి ఉన్నంతకాలం భూచర జంతువులను వేటాడరాదు. మక్కా పవిత్ర పరిధిలో వేటాడడమే కాదు, జంతువును బెదరగొట్టడం కూడా నిషిద్ధం. మదీనాలో జింకలు మేస్తూ కనిపించినా వాటిని బెదరించబోనని హజ్రత్ అబూ హురైరా (రజి) చెప్పినట్లు హదీసు గ్రంథాలలో ఉన్నది. ఇహ్రాంలో జింకను చంపినవాడు పరిహారంగా ఒక మేకను ఇవ్వవలెనని హజ్రత్ ఉమర్ (రజి) తీర్పు చెప్పారు. వన్యమృగానికి వెల కట్టి, అపరాధిపై పరిహారం విధించిన న్యాయవ్యవస్థ ఏడవ శతాబ్దం నాటికే ఉన్నదన్నమాట.

ఇక దర్బారుల సంగతి. అరబ్బీ, పారశీక భాషలలో వేటశాస్త్రం విస్తారంగా పెరిగింది. పదవ శతాబ్దపు కవి కుషాజిం వేటసాధనాలపై ఒక గ్రంథం రాశాడు. సిరియా వీరుడు ఉసామా బిన్ మున్‌ఖిజ్ (1095–1188) తన ఆత్మకథ చివర తన తండ్రి వేటలను వివరంగా వర్ణించాడు. ఈ సంప్రదాయమే హిందూస్థానానికి వచ్చి మొగలు దర్బారులో చీతాలతో జింకలను వేటాడే పద్ధతిగా పరాకాష్ఠకు చేరుకొన్నది.

ఆ పద్ధతి ఇట్లా ఉండేది. కళ్లకు గంతలు కట్టిన చీతాను ఎడ్లబండిపై మందకు చేరువగా తీసుకొనిపోయేవారు. పొలాలలో రోజూ బండ్లను చూసే కృష్ణజింకలు బండికి అంతగా బెదరవు. తగిన దూరానికి చేరాక గంతలు విప్పేవారు. కొద్ది క్షణాల పరుగులో జింక చిక్కకపోతే చీతా ఆగిపోయేది. చిక్కితే పాలకుడు పరుగున వెళ్లి, ప్రాణముండగానే జింక గొంతు కోసి, చీతాకు దాని వాటా ముట్టజెప్పి తిరిగి గంతలు కట్టేవాడు. పిల్లగా పట్టిన చీతా వేటకు పనికిరాదు. తల్లి వద్ద వేట నేర్చిన పెద్ద చీతానే అడవి నుండి పట్టి తేవలెను. అక్బరు ఒకప్పుడు వేయి చీతాలను సేకరించాడని జహంగీరు రాశాడు. బంధనంలో అవి పిల్లలను పెట్టడం మాత్రం దాదాపు లేదు. దర్బారు పెంచుకొన్న ప్రతి చీతా అడవికి శాశ్వతంగా తగ్గిన చీతాయే.

జహంగీరు స్వయంగా లెక్కలు రాయించిన చక్రవర్తి. తన పన్నెండవ ఏట నుండి యాభయ్యవ ఏటి వరకు తన సమక్షంలో 28,532 జంతువులు వేటలో పడ్డాయనీ, అందులో 17,167 తన చేతితోనే చంపాననీ తన స్వీయచరిత్రలో నమోదు చేశాడు. అదే జహంగీరు మన్సరాజ్ అనే తన పెంపుడు జింక చనిపోగా లాహోరు సమీపంలో దానికి సమాధి కట్టించాడు, ఆ చోట హిరన్ మినార్ వెలసింది. ఆ మైదానంలో ఎవరూ జింకలను వేటాడరాదనీ, అక్కడి జింక మాంసం హిందువులకు గోమాంసంతోను, ముస్లింలకు పందిమాంసంతోను సమానమనీ శాసించాడు. హలాలైన జంతువును ఒక ప్రదేశంలో పాలకుని ఆజ్ఞ నిషిద్ధం చేసిన ఉదాహరణ ఇది. ఈ ఉదాహరణను పాఠకులు గుర్తుంచుకోవలసి ఉన్నది.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. అనకాపల్లి ప్రాంతం గోల్కొండ సుల్తానుల కాలంలో శ్రీకాకుళం సర్కారులో భాగం. 1641లో ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు శ్రీకాకుళంలో నేటికీ నిలిచి ఉన్నది. 1687లో గోల్కొండ మొగలుల వశమైనది. 1765లో షా ఆలం ఫర్మానాతోను, 1766లో నిజాముతో కుదిరిన ఒడంబడికతోను ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి సంక్రమించినవి. పాలకులు మారినా దర్బారు వేట అలవాటు మారలేదు. జమీందారులూ దానిని కొనసాగించారు. విజయనగరం రాజులకు వేటచీతాలు ఉండేవి. 1880లో విశాఖపట్నంలో గవర్నరు ఏజెంటుగా ఉన్న ఓ.బి. ఇర్విన్ ఒక వేటలో విజయనగరం రాజుగారి చీతా చేతనే గాయపడి మరణించాడు. భారతదేశంలో చీతా వల్ల మనిషి మరణించినట్లు నమోదైన ఉదంతాలు అత్యంత అరుదు. వాటిలో ఒకటి మన తీరానికి చెందినది కావడం గమనార్హం.

మైదానపు జింక వేరు, మన్యపు జింక వేరు. కృష్ణజింక, అనగా ఇర్రి, బయలులో బ్రతికే జంతువు. దాని కొమ్ములు జీవితాంతం ఉంటాయి. అడవిలోని చుక్కల దుప్పి, కణితి ఏటేటా కొమ్ములు రాల్చి తిరిగి మొలిపించుకొనే జాతులు. నర్సీపట్నం దాటి చింతపల్లి వైపు వెళ్లే కొండలలో వేట బండ్లతో, చీతాలతో జరిగే వినోదం కాదు. అక్కడ అది గిరిజనుల సామూహిక జీవితంలో భాగం. చైత్రమాసపు ఇటుకల పండుగలో ఊరి మగవారంతా వేటకు వెళ్లడం, వట్టి చేతులతో తిరిగివచ్చినవారిపై స్త్రీలు పేడ చల్లి పరిహసించడం 1907లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ రచించిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో వర్ణితమైనవి. 1882 మద్రాసు అటవీ చట్టం ఆ అడవిని రిజర్వు చేసి, పోడును, అటవీ ఫలసాయాన్ని కట్టడి చేసింది. దొరల తుపాకీకి షికారుగా చెల్లిన పని గిరిజనుని విల్లుకు నేరమైనది. అడవిపై హక్కులు కోల్పోయిన ఆ ఆవేదన 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై దాడితో అల్లూరి సీతారామరాజు ప్రారంభించిన పోరాటానికి ఒక ముఖ్య కారణం.

తుపాకీ రావడంతో ధర్మశాస్త్రంలో ఒక కొత్త చర్చ తలెత్తింది. గుండు మొనతో కోస్తుందా, దెబ్బతో చంపుతుందా? మాలికీ పండితుడు దర్దీర్ (మరణం 1786) తుపాకీ వేటను ధర్మ్యమన్నారు. హనఫీ పండితుడు ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836) గుండు తన వేగంతో, కాల్పుతో చంపుతుంది గనుక, జబహ్ చేయకముందే చచ్చిన జంతువు తినరాదన్నారు. మన దేశంలో హనఫీలే అధికులు. అందుచేత ముస్లిం షికారీలు తుపాకీ పేలిన వెంటనే కత్తి పట్టుకొని పడిన జింక వద్దకు పరుగెత్తడం రివాజైనది. అదీ బిన్ హాతిం అడిగిన పాత ప్రశ్నకే అది కొత్త రూపం.

తుపాకీ, మోటారు వాహనం, తరిగిపోతున్న పచ్చిక బయళ్లు కలసి వచ్చాక వేటకు వేట జంతువే కరువైనది. 1947లో కొరియా సంస్థానపు రాజు ఒకే రాత్రి మూడు చీతాలను కాల్చాడు. 1951లో నాటి మద్రాసు రాష్ట్రంలోని చిత్తూరు జిల్లాలో ఒక చీతా కనిపించినట్లు నమోదైనది. 1952లో అది దేశంలో అంతరించినట్లు ప్రకటించారు. 2022 సెప్టెంబరులో నమీబియా నుండి చీతాలను తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదలవలసి వచ్చింది. కృష్ణజింక మాత్రం అదృష్టవశాత్తు మిగిలింది. నిజాముల వేటస్థలంగా ఉండిన హైదరాబాదు శివార్లలోని వనస్థలిని 1975లో మహావీరుని పేర హరిణ వనస్థలిగా మార్చారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కృష్ణజింకను మొదటి షెడ్యూలులో చేర్చింది. దానిని వేటాడితే మూడు నుండి ఏడు సంవత్సరాల జైలుశిక్ష. నేడు అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. ఇటుకల పండుగ నేటికీ జరుగుతున్నది గాని వేటను చట్టం అంగీకరించదు.

"జింక మాంసం హలాల్ గదా, అల్లాహ్ అనుమతించిన దానిని ప్రభుత్వం ఎట్లా నిషేధిస్తుంది?" అనే ప్రశ్న మన యువకులలో కొందరి నోట వినిపిస్తుంది. దీనికి సమాధానం అల్ మాయిద సూరా మొదటి ఆయతులోనే ఉన్నది. ఆ ఆయతు విశ్వాసులను ఒప్పందాలు నెరవేర్చవలసిందిగా ఆదేశిస్తూ మొదలవుతుంది. తరువాతి వాక్యంలోనే పశువుల హలాల్, ఇహ్రాంలో వేట నిషేధం ప్రస్తావనకు వస్తాయి. ఒప్పందం, ఆహారం, వేట మూడూ ఒకే ఆయతులో చేరడం ఆలోచించదగినది. దేశపౌరులుగా మనం అంగీకరించిన చట్టం కూడా ఒక ఒప్పందమే. జింక జాతిరీత్యా హలాల్ కావడం ఒక సంగతి, దానిని ఈ కాలంలో, ఈ చోట చంపే హక్కు నాకున్నదా అన్నది మరొక సంగతి. హలాల్ అన్నది అనుమతి మాత్రమే, అది విధి కాదు. జింక మాంసం లేనిదే ఆకలి తీరని పరిస్థితి నేడు మనలో ఎవరికీ లేదు. పిచ్చుకనైనా అన్యాయంగా చంపినవాడు దానికి జవాబు చెప్పుకోవలసి ఉంటుందని నసాయీ సంకలనంలోని హదీసు హెచ్చరిస్తున్నది. వేట వెంటబడినవాడు ఏమరుపాటులో పడతాడని అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలలో ఉన్నది.

అదే సూరాలోని 94వ ఆయతు మరొక మాట చెబుతున్నది. మీ చేతులకు, మీ ఈటెలకు అందేటంత దగ్గరగా వేటజంతువులను ఉంచి అల్లాహ్ మిమ్మల్ని పరీక్షిస్తాడని దాని భావం. ఎవరూ చూడనిచోట కూడా ఆయనకు భయపడేవారెవరో తెలియడానికే ఆ పరీక్ష. ఇహ్రాంలో ఉన్న యాత్రికునికి వచ్చిన ఆ పరీక్షే నేడు చింతపల్లి దారిలో రాత్రివేళ బండి దీపాల వెలుగులో కళ్లు మెరుస్తూ నిలబడిన దుప్పి ఎదుట మనకూ వస్తున్నది. ఆ క్షణాన చేయి వెనుకకు తీసుకొన్నవాడే అదీ బిన్ హాతిం నేర్చిన పాఠాన్ని సరిగా అప్పజెప్పినవాడు.