మధుర పేరు మోసిన పాదరోగము

మధుర పేరు చెప్పగానే మన కుటుంబములవారికి మీనాక్షీ అమ్మవారి ఆలయమును, తిరుమలనాయకుని మహలును, చిత్తిరై తిరునాళ్ళును స్ఫురించును. నాయకరాజుల కాలమున వచ్చి ఈ సీమయందు స్థిరపడిన తెలుగువారికి ఆ నగరము పుట్టినింటివంటిది. కాని ప్రపంచమందలి వైద్యగ్రంథములలో ఆ పేరు వేరొక కారణముచే నిలిచియున్నది. సూడాను దేశపు వైద్యుడును, మెక్సికో దేశపు వైద్యుడును మధురను ఎన్నడు చూడకున్నను ‘మధుర పాదము’ అను రోగమును ఎరుగుదురు.

నేను వైద్యుడను కాను. కోయంబత్తూరులో ఒక నూలుమిల్లు కార్యాలయమున ముప్పదినాలుగేండ్లు గుమాస్తాగా పనిచేసి, ఇప్పుడు ఆర్.ఎస్. పురములో విశ్రాంతి తీసికొనుచున్నవాడను. ఈ రోగచరిత్రయందు నాకు శ్రద్ధ కలుగుటకు మా మేనమామ కాలే కారణము.

మా మేనమామది సాత్తూరు దాపున నల్లరేగడి భూమి. ప్రత్తి వేసెడివాడు. ఆ రోజులలో చెప్పులు ఊరికి పోవునపుడే గాని చేనిలోనికి పోవునపుడు వేసికొను అలవాటు లేదు. తుమ్మముళ్ళు గ్రుచ్చుకొనుట, పిన్నీసుతో తీసివైచుట నిత్యకృత్యము. అట్టి ముల్లొకటి విరిగిన చోట, ఏడాది గడచిన పిమ్మట, అరికాలియందు గట్టి గడ్డ ఒకటి లేచెను. నొప్పి లేదు. నొప్పి లేకుండుటయే కీడైనది. ఉన్నచో వెంటనే చూపించుకొనియుండును. రెండు మూడేండ్లలో పాదమంతయు ఉబ్బి, పైన చిన్న చిన్న కన్నములు పడి, వానినుండి రసికారుట మొదలయ్యెను. ఊరివారు కొందరు పుట్టకురుపనిరి. కొందరు నోటితో అనకయే పెద్దరోగమని తలచి, ఆయనకు వేరుగా కంచము పెట్టిరి. మా అమ్మమ్మ మాత్రము ఆ కట్టుగుడ్డలను ఎవరిచేతికిని ఇయ్యక తానే ఉతికెడిది. ఆ గుడ్డలలో గోధుమరవ్వవంటి తెల్లని పలుకులు రాలుచుండుట నాకు గుర్తున్నది. 1971లో ఒక ఆసుపత్రికి తీసికొనిపోగా మోకాలి క్రింద కాలు తీసివేసిరి. నాకప్పుడు పదియేండ్లు.

ఇక ఈ రోగమునకు మధుర పేరు వచ్చిన విధము. పాదములందును, చేతులందును, సంధులందును పుట్టవలె లేచి, అనేక రంధ్రములతో స్రవించు ‘వల్మీకము’ను సుశ్రుతుడు నిదానస్థానమున క్షుద్రరోగముల నడుమ చెప్పియున్నాడు. మా ఊరివారు పుట్టకురుపనినపుడు తెలియకయే సుశ్రుతుని మాటకు తెలుగు చెప్పినట్లైనది. పాశ్చాత్య వైద్యులలో, 1842లో మధుర డిస్పెన్సరీయందు పనిచేయుచుండిన గిల్ అను వైద్యుడు దీనిని ప్రత్యేకరోగముగా గుర్తించి నివేదికలో వ్రాసెను. 1846లో అదే డిస్పెన్సరీకి చెందిన కోల్‌బ్రుక్ ‘మధుర పాదము’ అను పేరును వాడెను. ఆ సంవత్సరముననే బళ్ళారినుండి గాడ్‌ఫ్రే అను వైద్యుడు లండనులోని లాన్సెట్ పత్రికకు ఇట్టి పాదమును గూర్చి వ్రాసి పంపెను. అనగా దత్తమండలములలోను ఇది ఉండెను. బళ్ళారి పాదమని పేరు పడుటకు కొద్దిలో తప్పినదన్నమాట! గుమాస్తాపని చేసినవాడను గనుక నాకిది వింతగా తోచలేదు. చిట్టాలో ముందుగా ఎవరు వ్రాసిరో వారి ఊరిపేరే నిలుచును; రోగము పుట్టినది మధురలోనని దానికి అర్థము కాదు. ఆఫ్రికాలోను, అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములలోను, మన రాజస్థానములోను ఇది కలదు. ఎండకాలము దీర్ఘముగా నుండి, ముళ్ళచెట్లు పెరిగి, జనులు వట్టికాళ్ళతో చేనిపని చేయు చోట్లనే దీనికి నెలవు.

కారణమును కనుగొనినవాడు బొంబాయిలో పనిచేసిన హెన్రీ వాండైక్ కార్టరు. 1858లో వెలువడిన గ్రే గారి శరీరశాస్త్ర గ్రంథమునకు బొమ్మలు వ్రాసినవాడితడే. చిత్రకారుని కన్ను గలవాడగుటచే, కోసివేసిన పాదములలోని పలుకులను నిదానముగా పరిశీలించి, 1860 ప్రాంతమున ఇది శిలీంధ్రమువలన, అనగా బూజుజాతి జీవివలన కలుగునని తేల్చి, ‘మైసిటోమా’ అని పేరు పెట్టెను. పలుకులలో నల్లనివియు తెల్లనివియు వేరని కూడ గుర్తించెను. అటు పిమ్మట 1894లో విన్సెంట్ అనునతడు అల్జీరియాలోని ఒక రోగినుండి తీసిన జీవికి మధుర పేరనే ‘మదురే’ అని తగిలించెను; 1905లో బ్రూంప్ట్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నల్లపలుకుల శిలీంధ్రజాతికి ‘మదురెల్లా’ అని నామకరణము చేసెను. ఈ విధముగా పాండ్యరాజధాని పేరు లాటినులో రెండుమార్లు ఎక్కినది.

ముఖ్యమైన సంగతి దీని తరువాతిది. చూచుటకు ఒకే విధముగనుండు ఈ రోగము నిజమునకు రెండు రోగములు. ఒకటి శిలీంధ్రమువలన వచ్చునది. రెండవది పోగులవలె పెరుగు బాక్టీరియా వలన వచ్చునది. ఫ్రాన్సు దేశమున పినాయ్ 1913లో ఈ భేదమును స్పష్టపరచెను. గడ్డ, కన్నములు, పలుకులు, ఈ మూడును రెంటియందును ఉండును. అందుచేత వైద్యుడు పాదమును చూచి ఊరకుండక పలుకును చూడవలెను. నల్లపలుకైనచో శిలీంధ్రము. ఎఱ్ఱనిదైనచో బాక్టీరియా. తెల్లనిది, పసుపుపచ్చనిది మాత్రము రెండింటిలో ఏదైనను కావచ్చును. దానిని నలిపి రంగు వేసి సూక్ష్మదర్శినిక్రింద పెట్టిన గాని తెలియదు. సన్నని పోగులు బాక్టీరియావి, లావైనవి శిలీంధ్రమువి. లోతునుండి చిన్న ముక్క తీసి పరీక్షించుటయు, ఎముకకు సోకినదేమోయని ఎక్సురే తీయుటయు కలదు.

ఇంత శ్రమ ఎందుకనగా, మందు వేరు. బాక్టీరియావలన వచ్చిన దానికి సల్ఫా మందులు పనిచేయునని 1940ల నాటికే తెలిసియుండెను. ఇప్పుడు కోట్రైమాక్సజోలుతో పాటు అమికాసిన్ సూదులు ఇచ్చుచున్నారు. నెలల తరబడి వాడవలసినను చాలమందికి పాదము దక్కుచున్నది. శిలీంధ్రపు రకము మొండిది. ఇట్రకొనజోలు ఏడాదికి పైగా మ్రింగి, శస్త్రము కూడ చేయించుకొనవలెను. అట్లైనను తిరుగబెట్టుట కలదు. రాజస్థానములో శిలీంధ్రపు రకము ఎక్కువ. మన దక్షిణదేశమున బాక్టీరియా రకమే ఎక్కువగా కనబడినది.

మా మేనమామ ట్రంకుపెట్టెలో ఆసుపత్రి చీటీని భద్రముగా దాచియుంచెను. ఆయన పోయిన పిమ్మట అది నా చేతికి వచ్చెను. కాగితములు చదువుటయే వృత్తిగా బ్రతికినవాడను; పైనుండి క్రిందివరకు నాలుగుమార్లు చదివితిని. పేరు, వయస్సు, పాదపు వాపు, కాలు తీసివేత, తేది, సంతకము. పలుకు మాట లేదు. పరీక్ష మాట లేదు. అమ్మమ్మ గుడ్డలలో రాలిన ఆ తెల్లరవ్వ ఏ జాతిదో ఎవరును చూడలేదు. దక్షిణదేశపు లెక్కనుబట్టి చూచినచో మందుకు లొంగు జాతియే అయియుండవచ్చును.

మా పేటలోని ఒక చర్మవైద్యునితో ఈ సంగతి చెప్పగా, ఆయన నన్ను తన గదిలో కూర్చుండబెట్టి తామర రోగి ఒకని పొట్టును గీకి, పొటాషు ద్రావకము వేసి, సూక్ష్మదర్శినిలో చూపించెను. కొమ్మలువేసిన పోగులు కనబడినవి. ఆ పరీక్షకు కొద్ది నిమిషములే పట్టెను. ఆ రోగి అంతకు ముందు ఆరునెలలు దుకాణమున అడిగి తెచ్చుకొన్న స్టీరాయిడు కలిసిన పూతమందు రాచుకొనియుండెను. దురద తగ్గినట్లే తగ్గి తామర ఒడలంతయు ప్రాకెను. ఇట్టివారు దినమునకు ఎందరో వత్తురని ఆ వైద్యుడు విసుగుకొనెను. కులవృత్తుల కాలమునుండి మన ఇండ్లలో చర్మవ్యాధి యనగా దాచిపెట్టునదే గాని చూపించుకొనునది కాదు. పెండ్లి సంబంధముల భయము కొంత, పెద్దరోగమందురేమో యను భయము కొంత.

2016లో ప్రపంచ ఆరోగ్యసంస్థ మైసిటోమాను నిర్లక్ష్యమునకు గురియైన ఉష్ణమండల వ్యాధుల పట్టికలో చేర్చెను. గిల్ నివేదిక వ్రాసిన 174 సంవత్సరములకు!

మా మేనమామ ఒంటికాలితో పదునెనిమిదేండ్లు బ్రతికి 1989లో పోయెను. కఱ్ఱ ఊతముతో గట్టుమీద కూర్చుండి సేద్యము చేయించెడివాడు. కూలికి వచ్చినవారిలో ఎవరైన చెప్పులు లేక చేనిలోనికి దిగినచో వెనుకకు పిలిచెడివాడు. ఆయన ఇంటి అరుగుమీద ఎల్లప్పుడును నాలుగైదు జతల టైరు చెప్పులు ఉండెడివి. వేరుగా పెట్టిన ఆ కంచమును మా అమ్మమ్మ కాలు తీసివేసిన యేటనే పాతసామానులవానికి ఇచ్చివేసినది.